అద్దె ఇంట్లో ఆఫీసు గది: ఖర్చుగా చూపించుకోవచ్చా?

ప్రశ్న: నేను విజయవాడలో సొంతంగా ఇంటీరియర్ డెకరేషన్ పని చేస్తున్నాను. మేం అద్దెకు ఉంటున్న 1,200 చదరపు అడుగుల ఫ్లాటులో 150 అడుగుల గదిని పూర్తిగా ఆఫీసుకే వాడుతున్నాను. అద్దె నెలకు రూ.24,000. అగ్రిమెంటు మావారి పేరు మీద ఉంది. అద్దె ఆయనే కడతారు, తన జీతంలో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు కూడా తీసుకుంటున్నారు. 2025-26లో నాకు ఫీజుగా రూ.18 లక్షలు వచ్చాయి, అంతా బ్యాంకు ద్వారానే. ఖర్చులు రూ.7 లక్షల దాకా అయ్యాయి. అద్దెలో, కరెంటు బిల్లులో నా వాటా చూపించుకోవచ్చా? నోటీసు వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. వచ్చే ఏడాది సొంత ఫ్లాటు కొంటే ఏమవుతుంది?

జవాబు: ఇంట్లో కూర్చుని చేసినా వృత్తి వృత్తే అమ్మా. దాని ఖర్చులు చూపించుకోవడం మీ హక్కు, అందులో భయపడాల్సిందేమీ లేదు. అయితే మీ విషయంలో అద్దె దగ్గర ఒక చిక్కుంది.

1961 ఆదాయపు పన్ను చట్టం 30వ సెక్షన్ ప్రకారం, వృత్తికి వాడే చోట మీరు అద్దెదారుగా ఉండి కట్టిన అద్దె ఖర్చు కిందికి వస్తుంది. ఇంట్లో కొంత భాగమే వాడితే ఆ మేరకే అని 38వ సెక్షన్ అంటుంది. విస్తీర్ణం లెక్కన మీ గది ఇంట్లో ఎనిమిదో వంతు, అంటే ఏడాదికి రూ.36,000. కానీ అద్దెదారు మీరు కాదు, మీ వారు. కట్టేదీ ఆయనే. పైగా మొత్తం అద్దె మీద ఆయన హెచ్‌ఆర్‌ఏ తీసుకుంటున్నారు. అదే అద్దెను మీరూ చూపిస్తే ఒకే ఖర్చు రెండు రిటర్నుల్లోకి ఎక్కుతుంది. నోటీసు వస్తే ఇద్దరూ జవాబు చెప్పుకోవాలి. కాబట్టి ఈ ఏడాదికి ఆ అద్దె జోలికి వెళ్లకండి.

అసలు మీకు ఆ రూ.36,000 అవసరమే లేదు. దయచేసి ఈ మాట శ్రద్ధగా చదవండి. చాలామంది గది కొలతలు, కరెంటు బిల్లులు పట్టుకుని తలపట్టుకుంటారు కానీ 44ఏడీఏ సెక్షన్ వైపు చూడరు. లాయర్లు, డాక్టర్లు, ఇంజనీర్లతో పాటు ఇంటీరియర్ డెకరేషన్ వాళ్లకీ ఆ సెక్షన్ వర్తిస్తుంది. ఏడాది రాబడి రూ.50 లక్షలు దాటకపోతే (నగదు రూపంలో వచ్చింది 5 శాతం మించకపోతే రూ.75 లక్షల వరకు) అందులో సగాన్ని ఆదాయంగా చూపిస్తే చాలు. మిగతా సగం ఖర్చుల కింద పోయినట్టే లెక్క. అద్దె, కరెంటు, ఇంటర్నెట్, కంప్యూటర్ మీద తరుగుదల (పాతబడే కొద్దీ తగ్గే విలువ) అన్నీ అందులోనే కలిసిపోతాయి, మళ్లీ విడిగా తీసేయడానికి లేదు.

మీ లెక్కే చూడండి. రూ.18 లక్షల్లో సగం రూ.9 లక్షలు. మీ అసలు ఖర్చు రూ.7 లక్షలు, గది అద్దె కలిపినా రూ.7.36 లక్షలే. 44ఏడీఏ కింద వెళ్తే మీకే లాభం. వేరే ఆదాయం లేకపోతే ఆ రూ.9 లక్షల మీద కొత్త పన్ను విధానంలో మీరు కట్టాల్సిన పన్ను సున్నా, ఎందుకంటే 2025-26కి రూ.12 లక్షల ఆదాయం వరకు 87ఏ సెక్షన్ కింద రిబేటు (పన్ను మాఫీ) ఉంది. క్లయింట్లు టీడీఎస్ (ఫీజులోంచి ముందే పట్టుకునే పన్ను) కోసి ఉంటే, మీ పేరున జమైన పన్ను కనిపించే ఫారం 26ఏఎస్‌లో చూసుకుని, ఐటీఆర్-4 రిటర్ను వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోండి. అది మీ కష్టార్జితం, వదులుకోకండి.

ఖర్చులు నిజంగా సగం దాటిన ఏడాది మాత్రం పద్ధతి మారుతుంది. అప్పుడు పూర్తి లెక్కల పుస్తకాలు రాయాలి. సగం కంటే తక్కువ ఆదాయం చూపిస్తూ, మొత్తం ఆదాయం పన్ను పరిమితి దాటితే ఆడిట్ కూడా చేయించాలి. ఆడిటర్ ఫీజు పోను ఏం మిగులుతుందో ముందే చూసుకోండి. ఆ దారిలో వెళ్లాలనుకుంటే ఇప్పుడే అగ్రిమెంటు ఇద్దరి పేర్ల మీద రాయించుకుని, మీ వాటా మీ ఖాతా నుంచి నేరుగా ఓనరుకు పంపండి. మీ వారు తన వాటా మీదే హెచ్‌ఆర్‌ఏ అడగాలి. ‘నివాసానికి మాత్రమే’ అన్న షరతు ఉంటే ఓనరుతో మాట్లాడి మార్పించండి. ఒక మనిషికి ఒక రోజులో రూ.10,000 మించి నగదు ఇస్తే ఆ ఖర్చు చెల్లదు. కార్పెంటర్లకు ఇచ్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇక సొంత ఫ్లాటు. మీ ఇంటికి మీరే అద్దె కట్టుకున్నట్టు చూపడం కుదరదు. పూర్తి లెక్కలు రాసే పద్ధతిలో ఉంటే ఆ గది వాటాకి మరమ్మతులు, ఇంటి పన్ను, బీమా, తరుగుదల చూపించుకోవచ్చు. తరుగుదల విషయంలో తొందరపడవద్దని నా సలహా. తరుగుదల తీసుకున్న భాగం మీద వచ్చే లాభాన్ని, ఫ్లాటు ఎన్నేళ్ల తర్వాత అమ్మినా, స్వల్పకాలిక మూలధన లాభంగానే (ఆస్తిని కొద్దికాలమే ఉంచుకుని అమ్మితే వచ్చే లాభంగానే) చూస్తారు. చిన్న గది మీద ఏటా వచ్చే కొద్దిపాటి తగ్గింపు కోసం ఆ భారం నెత్తిన వేసుకోవాలా అన్నది కొనేముందే మీ ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి అప్పటికి సెక్షన్ల నంబర్లు వేరుగా ఉంటాయి. 2025-26 రిటర్నుకు మాత్రం నేను చెప్పిన పాత నంబర్లే వర్తిస్తాయి.