కజన్మక్: గెలిచినట్టా, సంపాయించినట్టా?

ప్రశ్న: అన్నా, నమస్తే. నేను దోహాల ఒక తుర్కీ కంపెనీ సైటు మీద షట్టరింగ్ పని చేస్తున్న. మా ఫోర్‌మెన్ తుర్కీ ఆయన. మొన్న చాయ్ తాగుతుంటె ‘నె కదర్ కజనియోర్సున్?’ అని అడిగిండు. ఫోన్‌ల పెట్టి చూస్తె ‘నువ్వు ఎంత గెలుస్తున్నావు’ అని వచ్చింది. నేనేం పందెం కాసిన్నని ఆయన అనుకుంటున్నడో సమజ్ కాలె. నవ్వి ఊకున్న. ఆయన అడిగింది ఏంది? జవాబు ఎట్ల చెప్పాలె?
– మెట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, ఆయన అడిగింది నీ జీతం. ఎంత సంపాయిస్తున్నవ్ అని. ‘అయ్‌ద బిన్ సెకిజ్ యూజ్ రియాల్ కజనియోరుమ్’ అంటే నెలకు 1,800 రియాళ్లు సంపాయిస్తున్న అని. అంకె నీది పెట్టుకో. చెప్పబుద్ధి కాకపోతే ‘చోక్ షుకుర్, ఇదారె ఎదియోరుజ్’ అను. దేవుని దయ, ఎల్లదీస్తున్నం అని అర్థం.

ఫోను పూర్తిగ తప్పు చెప్పలేదు. తుర్కీల గెలుపుకూ సంపాదనకూ ఒక్కటే క్రియ, కజన్మక్. పర కజన్మక్ అంటే పైసలు సంపాయించుడు. మాచ్ కజన్మక్ అంటే ఆట గెలుచుడు. గొనుల్ కజన్మక్ అంటే ఒకరి మనసు గెలుచుకునుడు. ‘జ’ను మాత్రం మన దగ్గర ఉర్దూ మాట్లాడెటోళ్లు ‘జమీన్’ అన్నప్పుడు పలికినట్టు పలుకు. ‘చలిషన్ కజనిర్’ అని వాళ్ల మాట ఒకటి ఉన్నది. పనిచేసెటోడు సంపాయిస్తడనీ అర్థమే, గెలుస్తడనీ అర్థమే. ‘నెగ్గుకొస్తడు’ అంటే కొంచెం దగ్గరికి వస్తది.

నేను గల్ఫుల తొమ్మిదేండ్లు తుర్కీ మేస్త్రుల పక్కన స్టోర్‌కీపరుగ చేసి వచ్చిన. అక్కడ పుస్తకం పట్టి నేర్చుకున్నది తక్కువ. నాకు తెలిసింది ఒకటే: తుర్కీ క్రియను తెలుగోడు తోక పట్టుకుని నేర్చుకోవాలె. కజనియోరుమ్, సంపాయిస్తున్న. కజనియోర్సున్, సంపాయిస్తున్నవ్. కజన్దిమ్, సంపాయించిన. కజన్దిక్, సంపాయించినం. నేను, నువ్వు, మేము అని వేరే చెప్పే పని లేదు, మన లెక్కనే అంతా తోకల ఉంటది. ఒక్క తేడా ఏందంటే వాళ్లకు ఆడ మగ లేదు. ‘కజన్ది’ అంటే గెలిచిండూ అదే, గెలిచిందీ అదే.

‘నేను సంపాయించిన పైసలు’ అనాలంటె ‘కజన్దియిమ్ పర’. సంపాయించిన అన్నది ముందు, పైసలు అన్నది వెనుక. మన వరుసే. సుడాన్ నుంచి వచ్చిన నా దోస్తు ఈ ఒక్క ముక్క దగ్గర నెలలు తిప్పలు పడ్డడు. నాకు రెండు రోజులల్ల నోటికి వచ్చింది. అది నా తెలివి కాదు, మా అమ్మ నేర్పిన తెలుగు. ‘గెలిపించు’ల ఉన్న ‘ఇంచు’ అసొంటిది కూడ వాళ్లకున్నది. కజన్దిర్ది అంటే గెలిపించింది, సంపాయించి పెట్టింది.

జాగ్రత్తగ వినాల్సిన జాగ ఒకటున్నది. కజన్మదిమ్ అంటే గెలువలేదు. కజనమదిమ్ అంటే గెలువలేకపోయిన. నడుమ ఒక్క అకారమే తేడా. మొదటిదాన్ల జరగలేదన్న సంగతి మాత్రమే ఉన్నది, రెండోదాన్ల కొట్లాడి ఓడిన మనిషి ఉన్నడు. జీతం లెక్కల దగ్గర నేను ఈ రెండూ కలిపేసి, చెయ్యని ఓవర్‌టైము అడుగుతున్నడని అనిపించుకున్న. ఆ నెల పైసలు మళ్ల రాలేదు. నువ్వు ఈ అకారాన్ని ఒత్తి పలుకు.

ఇగ ‘మిష్’ సంగతి. ఇది నాకు అన్నిటికన్న ఇష్టమైన తోక. మా చెల్లెకు కాకతీయ యూనివర్సిటీల ఎమ్మెస్సీ సీటు వచ్చిందని ఇంటికాడినుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను మేకుల డబ్బాలు లెక్క పెడుతున్న. పక్కన మా వడ్రంగి ఉస్తా ఉన్నడు. తుర్కీల మేస్త్రీని ఉస్తా అనే పిలుస్తరు. ‘మా చెల్లె యూనివర్సిటీల చేరింది’ అని వచ్చీరాని తుర్కీల చెప్పిన. ఆయన చేతిల ఉన్న రంపం పక్కన పెట్టి ‘గిర్ది దెమె, కజన్ది దె’ అన్నడు. చేరింది అనకు, గెలిచింది అను అని. ప్రవేశ పరీక్ష రాసి సీటు తెచ్చుకుంటె తుర్కీల ‘యూనివెర్సితెయి కజన్ది’ అంటరు. మనం ‘సీటు కొట్టింది’ అన్నట్టు. తర్వాత ఆయన షెడ్డు అవతల ఉన్నోళ్లకు వినపడేటట్టు ఒర్రిండు: ‘కిజ్ కర్దెషి యూనివెర్సితెయి కజన్మిష్!’

నన్ను కజన్ది అనమన్నడు, తాను మాత్రం కజన్మిష్ అన్నడు. ఎందుకంటె నాకది మా ఇంటి ఖాయమైన సంగతి. ఆయనకు నా నోటినుంచి విన్న సంగతి. కండ్లార చూడనిది, చెవిన పడ్డది, తర్వాత తెలిసింది ‘మిష్’తోని చెప్తరు. మనకు దానికి ఎంత చక్కటి మాట ఉన్నది! ‘సీటు కొట్టిందట.’ ఆ ‘అట’నే ‘మిష్’. ఇంగ్లీషుల ఇదే చెప్పాలంటె వేరే మాట కలుపాలె. ఆ పూట షెడ్డుల పదకొండు మందికి ఉస్తానే చాయ్ పోసిండు.

ఈ క్రియ వయసు కూడ చెప్పాలె. మంగోలియాల ఓర్ఖోన్ లోయల 732ల నిలబెట్టిన రాతి శాసనం ఒకటి ఉన్నది. తమ్ముడు క్యుల్ తెగిన్ చనిపోతే అన్న, అప్పటి తుర్కుల రాజు బిల్గె కగాన్ చెక్కించిండు. 1893ల డెన్మార్క్ పండితుడు విల్హెల్మ్ థామ్సన్ ఆ లిపిని విప్పిండు. జనం కోసం రాత్రి నిద్రపోలేదు, పగలు కూసోలేదు అని చెప్పి, తమ్మునితోని కలిసి ‘ఒలు యితు కజ్గన్తిమ్’ అంటడు బిల్గె కగాన్. ఒలు అంటే చస్తూ, యితు అంటే నశిస్తూ. తెలుగుల చెప్పాలంటె ‘చచ్చీ చెడీ సంపాయించిన’. రాజ్యం గురించి ఆయన చెప్పిన ఆ ‘కజ్గన్తిమ్’ తోకే ఇయ్యాల నువ్వు జీతం గురించి అనే ‘కజన్దిమ్’ల ఉన్నది. మీ ఫోర్‌మెన్‌కు ఇది చెప్పి చూడు, సంబురపడ్తడు.

ప్రశ్న: ఫుట్‌బాల్ వార్తలల్ల ఒకసారి ‘కజన్ది’ అంటరు, ఒకసారి ‘యెన్ది’ అంటరు. రెండూ గెలుపేనా సార్?
– హనుమకొండ విద్యార్థిని

జవాబు: అవునమ్మా. యెన్మెక్ అంటే ఓడించుడు, ఎవరిని అన్నది చెప్పాలె: ‘గలతాసరాయ్ ఫెనెర్బాహ్చెయి యెన్ది’, అంటే గలతాసరాయ్ జట్టు ఫెనెర్బాహ్చె జట్టుని ఓడించింది. ఆ చివరి ‘యి’ మన ‘ని’ అనుకో. కజన్ది అంటే ఎవరి మీదనో చెప్పకున్నా నడుస్తది. ‘యెన్ది’కి ‘తినబడ్డది’ అని ఇంకో అర్థం ఉన్నది కాబట్టి పక్క మాట చూసుకో.

ప్రశ్న: దర్రీలు చూద్దామని వచ్చిన తుర్కీ కొనుగోలుదారు పోతూ ‘హయిర్లి ఇష్లెర్’ అన్నడు. దాని భావం ఏంది? మేము ఏం అనాలె?
– కొత్తవాడ నుంచి ఒక నేతన్న

జవాబు: మీ గిరాకీ మంచిగ సాగాలె అని దీవించిండు. వాళ్లు దుకాణంలకు వచ్చినా, దుకాణంల నుంచి పోయినా అది అంటరు. మీరు ‘సా ఓలున్’ అంటే సరిపోతది, సల్లగుండు అన్నట్టు. పైసలు అందుకున్నప్పుడు ‘బెరెకెత్ వెర్సిన్’ అనండి. బెరెకెత్ అంటే మన బర్కతే, వేరే నేర్చుకునేది ఏం లేదు.

బోణీని వాళ్లు సిఫ్తాహ్ అంటరు. పొద్దుగాల వచ్చిన మొదటి నోటును మనం కండ్లకద్దుకున్నట్టు వాళ్లు గడ్డానికి రాసుకుంటరు. ఆయన ఈసారి మీ దగ్గర బోణీ చేస్తె, ఆ నోటు చేతిల పట్టుకుని ‘సిఫ్తాహ్ సెన్దెన్, బెరెకెత్ అల్లాహ్‌తన్’ అనండి. బోణీ నీది, బర్కత్ దేవునిది.