డిశ్చార్జి ఆపి కూడా చూడమ్మా

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

ఆక్సిజన్‌ను మైక్రోవేవ్ డిశ్చార్జిలోంచి, అంటే మైక్రోవేవ్‌లతో వాయువులో రగిలించిన విద్యుత్ మెరుపులోంచి, పంపి, అందులో పుట్టే పరమాణువులను ఫోటోఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీతో (కాంతితో ఎలక్ట్రాన్లను ఊడదీసి వాటి శక్తిని కొలిచే పద్ధతితో) పట్టుకోవాలని ఉందని రాశావు. హీలియం దీపం ఇచ్చే 21.22 ఎలక్ట్రాన్ వోల్టుల్లోంచి ఊడివచ్చిన ఎలక్ట్రాన్ గతిశక్తిని తీసివేస్తే అయనీకరణ శక్తి, అంటే ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి పట్టే శక్తి, మిగులుతుందని నీకు తెలిసిందే. చిక్కంతా, స్పెక్ట్రంలో కనిపించిన పీకు (ఎలక్ట్రాన్లు ఎక్కువగా వచ్చిన చోటి శిఖరం) దేనిదో తేల్చడంలోనే ఉంది.

నా తొలిరోజుల్లో 13.7 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర చిన్న పీకు కనిపించగానే, ఆక్సిజన్ పరమాణువుది 13.62 కదా అని సంబరపడి, కాస్త తేడాను స్కేలు మీదికి నెట్టేసి, వారం రోజులు దాని వెంటపడ్డాను. తీరా చూస్తే ఒక జాయింటు దగ్గర గాలి లీకవుతోంది. హీలియం దీపంలో 23.09 దగ్గర కూడా ఒక బలహీనమైన గీత ఉంటుంది. అది గాలిలోని నైట్రోజన్ నుంచి ఊడదీసిన ఎలక్ట్రాన్లు, మనం 21.22తోనే లెక్కవేస్తాం కాబట్టి, అసలు పీకైన 15.58 కన్నా 1.87 తక్కువగా, అంటే 13.71 దగ్గర, దొంగపీకుగా తేలుతాయి. నేను 11 నుంచి 14 వరకే స్కాన్ చేయడంతో అసలు పీకు నా కాగితం మీదికి రానేలేదు. డిశ్చార్జిని ఒక్కసారి ఆపి చూసినా ఆ పీకు చెక్కుచెదరకుండా ఉండేది, గుట్టు ఆ పూటే తెలిసేది.

స్కేలు సరిచూసుకోవడానికి ఆర్గాన్ కొద్దిగా కలిపి, దాని 15.76, 15.94 పీకులను డిశ్చార్జి నడుస్తుండగానే తీసుకో. చురుకైన వాయువులు లోపలి లోహం మీద పట్టేకొద్దీ స్కేలు జరుగుతుంది కాబట్టి పొద్దున చేసిన క్యాలిబ్రేషన్ మధ్యాహ్నానికి పనికిరాదు.

ఫ్లో ట్యూబులో వాయువు సెకనుకు 10 మీటర్లు పోతుంటే సెంటీమీటరు దూరమంటే ఒక మిల్లీసెకను. డిశ్చార్జిని వెనక్కి జరుపుతూ పీకు ఎత్తు ఎలా తగ్గుతోందో గీయి. పరమాణువులు గాజుగోడను తాకి జంటకట్టి పోతాయి గనక, గోడకు బోరిక్ ఆమ్లం పూస్తే పీకు పెరగాలి. అన్నిటికన్నా నాకు నచ్చిన పరీక్ష మాత్రం ట్యూబులో పాదరస ఆక్సైడు పూత వేయడం. (ఆ పొడి విషం, చేతులు జాగ్రత్త.) పరమాణువులు దాని మీద అంతమైపోతాయి, 11.09 దగ్గర కనిపించే ఉత్తేజిత ఆక్సిజన్ అణువు మాత్రం దాటి వస్తుంది. 13.62 పీకు పోయి 11.09 పీకు నిలిస్తే ఇక నాకు అనుమానం ఉండదు.

డిశ్చార్జి వేసి ఒకటి, ఆపి ఒకటి, 9 నుంచి 17 వరకు పూర్తిగా తీసిన స్పెక్ట్రాలు రెండూ ఈసారి ఉత్తరంతో పంపు.