రాసేది ఫెదర్‌స్టోన్‌హా, పలికేది ఫ్యాన్‌షా

ప్రశ్న: ‘ఫెదర్‌స్టోన్‌హా’ అనే ఇంగ్లిష్ ఇంటిపేరును ‘ఫ్యాన్‌షా’ అని పలకాలట! ఈకకూ రాయికీ ఏం సంబంధం? ఈ పేరున్నవాళ్లంతా ఒకే వంశమా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ ఈకను పక్కన పెట్టేయండమ్మా. చాలా ఏళ్లు నేనూ ఈకే అనుకున్నాను. పాత ఇంగ్లిష్‌లో ‘ఫెదర్’ లాగే వినిపించే మాటకు ‘నాలుగు’ అని అర్థం. మూడు రాళ్లు నిలబెట్టి, వాటి మీద నాలుగోది కప్పిన పాతకాలపు కట్టడం ‘నాలుగు రాళ్లు’. చివరి ‘హా’ ఏటి పక్కన ఉండే చదును నేల. ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న నార్తంబర్లాండ్‌లో, హాల్ట్‌విజిల్ దగ్గర, సౌత్ టైన్ నది ఒడ్డున ఫెదర్‌స్టోన్ కోట ఇప్పటికీ ఉంది. ఈ ఇంటిపేరు పుట్టింది ఆ నేల మీదే.

నోట్లో నలిగి నలిగి పలుకు అరిగిపోయింది, రాత మాత్రం అలాగే నిలిచింది. అందరూ ఫ్యాన్‌షా అనరు, అక్షరాలన్నీ పలికేవాళ్లూ ఉన్నారు. ఎలా పలకాలో వాళ్లనే అడగడం మర్యాద. ఫ్యాన్‌షా అనే రాసుకునే డెర్బీషైర్ కుటుంబం వేరు, దాన్ని దీనితో కలపకండి.

ఇక వంశం సంగతి. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. ససెక్స్‌లో అప్‌పార్క్ అనే పెద్ద భవనం ఉంది. దాని యజమాని సర్ హ్యారీ ఫెదర్‌స్టన్‌హా 1825లో, డెబ్బై దాటాక, తన పాలశాలలో పనిచేసే మేరీ ఆన్ బులక్‌ను పెళ్లి చేసుకున్నాడు. పిల్లల్లేరు. ఆయన తర్వాత ఆస్తి ఆమెకు, ఆమె తర్వాత చెల్లెలు ఫ్రాన్సెస్‌కు వచ్చింది. ఫ్రాన్సెస్ ఆ ఇంటిపేరే పెట్టుకుంది. రచయిత హెచ్.జి. వెల్స్ తల్లి హౌస్‌కీపర్‌గా పనిచేసింది ఈమె దగ్గరే. తర్వాత ఆస్తి అందుకున్న టర్నర్, మీడ్ కుటుంబాలవాళ్లు కూడా తమ పేరు పక్కన ఇది చేర్చుకున్నారు. రక్తసంబంధం లేకపోయినా ఇంటితోపాటు పేరూ వచ్చిందన్నమాట. కాబట్టి పేరు ఒకటైనంత మాత్రాన వంశం ఒకటే అనుకోకండి. పాత కాగితాలు వెతికేటప్పుడు స్పెల్లింగులన్నీ చూడండి. అప్‌పార్క్ వాళ్ల పేరులోనే (Fetherstonhaugh) ‘ఫెదర్’ భాగంలో ‘a’ అక్షరం ఉండదు.

ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. 1848లో విప్లవం వచ్చి ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్ పారిపోవాల్సి వచ్చింది. ఫ్రాన్స్ రేవు పట్టణం లె హావ్ర్‌లో అప్పటి బ్రిటిష్ కాన్సుల్ జార్జ్ విలియం ఫెదర్‌స్టన్‌హా. ఈయన భూగర్భ శాస్త్రవేత్త కూడా. రాజును తన మామయ్యగా పలకరించి, ఇంగ్లండ్ వెళ్లే ఓడ ఎక్కించాడు. రాజుకు పెట్టిన దొంగపేరు – మిస్టర్ స్మిత్.