అడిగితే చెబుతాం: ఎండలో లేజర్ టేపు ఎందుకు మొరాయిస్తుంది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు లేజర్ టేపుల గురించే, అంటే లేజర్ వెలుగుతో దూరం కొలిచే పరికరాల గురించే. ఇంటీరియర్ పని చేసేవాళ్ల దగ్గర, సైట్ ఇంజినీర్ల జేబుల్లో ఎక్కడ చూసినా అవే కాబట్టి ఆశ్చర్యమేమీ లేదు. అందుకే మిగతావి పక్కనపెట్టి వీటి సంగతే చూద్దాం.

ప్రశ్న: గదిలో బటన్ నొక్కగానే కొలత చూపించే మా లేజర్ టేపు, మధ్యాహ్నం ఎండలో కాంపౌండ్ గోడ కొలవబోతే ఎర్రర్ అంటోంది. డబ్బా మీద మాత్రం 60 మీటర్లని రాశారు. మోసమా? – సివిల్ కాంట్రాక్టర్, గుంటూరు

మోసం అనలేం గానీ, ఆ 60 మీటర్లు నీడలో ఉన్న తెల్ల గోడ మీద వచ్చే లెక్క అని మాత్రం చిన్న అక్షరాల్లో రాస్తారు, అది ఎవరూ చదవరు. మీ టేపులోంచి వెళ్లే ఎర్ర లేజర్ బలం, కళ్లకు హాని కాకూడదని, ఒక మిల్లీవాట్ లోపే ఉంచుతారు. అది గోడకు తగిలి నలుదిక్కులా చెదిరిపోతుంది. గోడ ఐదు మీటర్ల దూరంలో ఉన్నా సరే, టేపు ముందున్న ఆ చిన్న లెన్సులోకి తిరిగొచ్చేది లక్షో వంతు కూడా ఉండదు. అదే లెన్సులోకి గోడ మీద పడ్డ ఎండ కూడా వస్తుంది.

ఈ రొదలోంచి తన వెలుగును ఏరుకోవడానికి టేపు కొన్ని తంటాలు పడుతుంది. ముందు, లెన్సు వెనక ఆ ఒక్క ఎరుపును తప్ప మిగతా రంగుల్ని ఆపేసే ఫిల్టర్ ఉంటుంది. తర్వాత, లేజర్ మన కంటికి నిలకడగా కనిపించినా నిజానికి సెకనుకి కోట్ల సార్లు హెచ్చుతగ్గులవుతూ ఉంటుంది. ఎండ అలా కాదు, నిలకడగా ఉంటుంది. ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లే మిణుకుమంటుంది. లోపలి సర్క్యూట్ తన లేజర్ లయను మాత్రమే వింటుంది కాబట్టి ఇవి రెండూ దాదాపు పక్కకు పోతాయి.

మరి ఎర్రర్ ఎందుకంటే, ఎండ కూడా పూర్తిగా నిలకడ కాదు. ఫోటాన్లు, అంటే వెలుగు రేణువులు, ఒక క్షణం నాలుగు ఎక్కువ, మరుక్షణం నాలుగు తక్కువ, ఇష్టం వచ్చినట్టు పడుతుంటాయి, ఆ కుదుపు అన్ని లయల్లోనూ ఉంటుంది, మన లేజర్ లయలో కూడా. దీన్ని ఫిల్టర్‌తో ఆపలేం. ఎక్కువసేపు విని సగటు తీయడమొక్కటే దారి. నాలుగు రెట్లు ఎక్కువసేపు వింటే ఆ కుదుపు, అంటే నాయిస్, సగమవుతుంది, వంద రెట్లు వింటే పదో వంతుకు వస్తుంది. అందుకే ఎండలో రీడింగ్ రావడానికి ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యానికి ఒక హద్దు ఉంటుంది, అది దాటినా నమ్మకం కుదరకపోతే ఎర్రర్ చూపిస్తుంది. తప్పు సంఖ్య చూపించడం కన్నా ఇదే నయం అంటాను.

మీరు చేయగలిగింది: గోడ మీద తెల్ల అట్ట పెట్టండి, దాని మీద ఎండ పడకుండా ఎవరినైనా అడ్డంగా నిలబెట్టండి, టేపుని చేత్తో పట్టుకోకుండా స్టాండు మీద పెట్టండి. లేజర్ టేపులతో పాటు అమ్మే ఎర్ర కళ్లద్దాలు చుక్క మీకు కనబడటానికే, టేపుకి వాటితో ఒరిగేదేమీ లేదు. అవి కళ్లకు రక్షణ కూడా కాదు.

ప్రశ్న: వెలుగు సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది కదా, మూడు నాలుగు వేల రూపాయల పరికరం అంత చిన్న సమయాన్ని ఎలా కొలుస్తుంది? – ఇంటర్ విద్యార్థిని, కరీంనగర్

మంచి అనుమానం. ఒక మిల్లీమీటరు తేడా పట్టుకోవాలంటే సుమారు 6.7 పికోసెకన్లు లెక్కపెట్టాలి. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు. అంత చురుకైన స్టాప్‌వాచ్ ఆ ధరకి రాదు. అందుకే చాలా లేజర్ టేపులు సమయాన్ని నేరుగా కొలవవు, వెళ్లిన అలకీ వచ్చిన అలకీ మధ్య ఫేజ్ తేడా, అంటే తిరిగొచ్చిన అల హెచ్చుతగ్గుల్లో ఎంత వెనకబడిందో, చూస్తాయి.

సెకనుకి 10 కోట్ల సార్లు హెచ్చుతగ్గులయ్యే వెలుగు అనుకోండి, ఆ అల పొడవు 3 మీటర్లు. పోయి రావాలి కాబట్టి గోడ 1.5 మీటర్లు జరిగితే ఒక చుట్టు పూర్తవుతుంది. చుట్టులో వెయ్యో వంతు గుర్తుపడితే చాలు, 1.5 మిల్లీమీటర్లు తేలినట్టే. చిక్కేమిటంటే, ఇది నిమిషాల ముల్లు మాత్రమే ఉన్న గడియారం. 1.2 మీటర్లని వస్తే అది 1.2 కావచ్చు, 2.7 కావచ్చు, 4.2 కావచ్చు. అందుకని గంటల ముల్లు కోసం ఇంకో లయలో, సెకనుకి కోటి సార్లతో, మళ్లీ కొలుస్తారు. ఇప్పుడు చుట్టు 15 మీటర్లది. ఇది మొరటుగానే చెప్పినా ‘4.2 దరిదాపుల్లో’ అంటే చాలు, మొదటి లెక్కలో ఏది సరైనదో తేలిపోతుంది.

ఇంకో ఉపాయం ఉంది, నాకు అన్నింటికన్నా నచ్చేది ఇదే. వచ్చిన సిగ్నల్‌ని దానికి పక్కనే ఉండే ఇంకో ఫ్రీక్వెన్సీతో, అంటే 100 మెగాహెర్ట్జ్‌ని (సెకనుకి 10 కోట్ల సార్లు) 100.01తో కలిపితే, 10 కిలోహెర్ట్జ్ తేడా సిగ్నల్ వస్తుంది. ఫేజ్ తేడా చెక్కుచెదరదు, వేగం మాత్రం పదివేల రెట్లు తగ్గుతుంది. 6.7 పికోసెకన్లు కాస్తా 67 నానోసెకన్లయి కూర్చుంటాయి. అది మామూలు చిప్ కొలిచేస్తుంది.

ప్రశ్న: ప్రాజెక్టు కోసం చిన్న లేజర్ దూరం సెన్సర్ కొన్నాను. ఉన్నట్టుండి పిచ్చి రీడింగ్‌లు ఇస్తోంది. సగటు తీసినా బాగుపడటం లేదు. – బీటెక్ విద్యార్థి, కాకినాడ

సగటే మీ కొంప ముంచుతోంది. మీరు పంపిన ఐదు రీడింగ్‌లే చూడండి: 4.201, 4.202, 4.200, 2.310, 4.201. సగటు తీస్తే 3.823, గదిలో ఆ దూరంలో అసలు ఏమీ లేదు! వరసలో పేర్చి మధ్యది తీసుకోండి, 4.201 వస్తుంది. ముందు ఇలా మధ్యది తీసి తప్పుడువి ఏరేయండి, సగటు ఆ తర్వాత. సెన్సర్ రీడింగ్‌తో పాటు సిగ్నల్ బలం కూడా ఇస్తుంటే, బలం లేనివాటిని ముందే పారేయండి. ఆ 2.310 లాంటివి ఎక్కువసార్లు వస్తుంటే చుక్క బల్ల అంచు మీద సగం, వెనక గోడ మీద సగం పడుతోందేమో చూసుకోండి.

ప్రశ్న: చందమామ దూరం కూడా ఇలాగే కొలుస్తారా? – టీచర్, నెల్లూరు

సూత్రం వెలుగు రాకపోకలే, కానీ అక్కడ ఫేజ్ కాదు, నేరుగా పల్స్ పంపి సమయం చూస్తారు. 1969 జూలైలో అపోలో 11 వాళ్లు అక్కడ వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపే 100 ప్రిజమ్‌ల పలక పెట్టి వచ్చారు. అమెరికాలోని న్యూ మెక్సికోలో అపాచీ పాయింట్ దగ్గర 3.5 మీటర్ల టెలిస్కోప్‌తో దాని మీదికి లేజర్ కొడితే ఒక్కో పల్స్‌కి తిరిగొచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టే ఫోటాన్లు. వెళ్లి రావడానికి రెండున్నర సెకన్లు. ఆ రెండున్నర సెకన్లూ డిటెక్టర్ తెరిచి ఉంచితే ఆకాశపు వెలుగే నిండిపోతుంది కాబట్టి, లెక్క ప్రకారం పల్స్ రావాల్సిన క్షణానికి అటూ ఇటూ కాసిని నానోసెకన్లే తలుపు తీస్తారు. దారితప్పిన ఫోటాన్లు ఆ కాస్త వ్యవధిలో ఎక్కడపడితే అక్కడ పడతాయి, అసలైనవి వేల పల్స్‌ల తర్వాత ఒకే చోట కుప్పపడతాయి. చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడని తెలిసింది ఇలాగే.

మీ పక్కనే ఉన్న శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3లోనూ ఇలాంటిది ఉంది. విక్రమ్ ల్యాండర్ మీద నాసా వాళ్ల చిన్న రిఫ్లెక్టర్ ఉంది, 2023 డిసెంబర్ 12న చంద్రుడి చుట్టూ తిరిగే వాళ్ల ఎల్ఆర్ఓ నౌక సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి దాని మీదికి లేజర్ కొట్టి వెలుగును తిరిగి పట్టుకుంది.

ప్రశ్న: మామూలు టేపుకి, లేజర్ టేపుకి ప్రతిసారీ నాలుగున్నర అంగుళాల తేడా వస్తోంది. లేజర్ తక్కువ చూపిస్తోంది. పాడైందా? – వడ్రంగి, ఖమ్మం

పాడవలేదు. అది ముందు అంచు నుంచి కొలుస్తోంది, మీరు వెనక అంచు గోడకి ఆనిస్తున్నారు. నాలుగున్నర అంగుళాలు అంటే దాదాపు పరికరం పొడవే. స్క్రీన్ మీద చిన్న బొమ్మలో ఏ అంచు అని చూపిస్తుంది, బటన్ నొక్కి మార్చండి. ఇలా ప్రతిసారీ ఒకేలా వచ్చే తేడా వందసార్లు సగటు తీసినా పోదు. బటన్ మార్చాక స్టీల్ టేపుతో రెండు మీటర్లు గుర్తు పెట్టుకుని ఒకసారి సరిచూసుకోండి.