గుణుపురం నుంచి జెనెటిక్స్ రీసెర్చ్‌కి వెళ్లగలనా?

చెల్లెమ్మా, గుణుపురంలో బీఎస్సీ జువాలజీ ఆఖరి ఏడాదిలో ఉన్నానని, జెనెటిక్స్‌లో రీసెర్చ్ చేయాలని ఉన్నా ఇంట్లో బీఎడ్ చేయమంటున్నారని రాశావు. మాదీ మీలాగే ఒడిశానే, పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇప్పుడు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి మీద పీహెచ్‌డీ, మూడో ఏడు.

హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి చలికాలం వస్తే కీళ్ల నొప్పులతో రాత్రంతా ఏడ్చేది. వాతమన్నారు, గాలి సోకిందన్నారు, రక్తం తక్కువని ఐరన్ మాత్రలిచ్చారు. సికిల్ సెల్ అని తేలేసరికి తొమ్మిదో తరగతి అయిపోయింది. డిగ్రీలో ఆ పాఠం విన్న రోజు నాకు అన్నం సహించలేదు. పదకొండో క్రోమోజోమ్ మీది బీటా గ్లోబిన్ జన్యువులో (రక్తంలో ఆక్సిజన్ మోసే హీమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారుచేసేది) డీఎన్ఏ అక్షరం 'ఏ' ఉండాల్సిన చోట 'టీ' ఉంటుంది, అంతే. దాంతో ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఒక్క అక్షరానికి అంత ఏడుపు!

ఇప్పుడు నేను వెతుకుతున్నది వేరే. అదే మార్పు ఉన్నా అక్క నొప్పితో మంచం పడుతుంది, తమ్ముడు పొలం పనికి వెళ్తాడు. ఎందుకు? కొందరిలో ఫీటల్ హీమోగ్లోబిన్, అంటే కడుపులో ఉన్నప్పటి రకం హీమోగ్లోబిన్, పెద్దయ్యాక కూడా ఎక్కువగా మిగలడం ఒక కారణం. దాన్ని పెంచే క్రిస్పర్ (జన్యువును కత్తిరించి మార్చే పద్ధతి) చికిత్స క్యాస్‌జెవికి 2023లో బ్రిటన్, అమెరికా అనుమతిచ్చాయి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. మన కొండ ఊళ్లకు అదెప్పుడు వస్తుందోనని నాకు దిగులు.

ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్‌లో బయోటెక్నాలజీ పేపర్, గాట్-బీ ప్రవేశ పరీక్షలు రెండూ రాయి. నాకు మొదటిసారి రాలేదు. తర్వాత సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, పైన హెచ్‌ఆర్‌ఏ. మా నాన్నగారిని ఒప్పించింది ఆ మాటే. స్టాటిస్టిక్స్, కొంచెం కోడింగ్ ఇప్పుడే మొదలుపెట్టు. నేను ఆలస్యం చేసి చాలా టెన్షన్ పడ్డాను.

నీ భాషలను తక్కువ అనుకోకు. రక్తం శాంపిల్ ఇచ్చే సవర తల్లికి ఎందుకు తీసుకుంటున్నామో అర్థమయ్యేలా చెప్పాలి కదా. పీహెచ్‌డీ అయ్యాక నేను మన వైపే వచ్చి జెనెటిక్ కౌన్సెలింగ్ చేయాలనుకుంటున్నాను. క్యారియర్ (ఆ మార్పు ఒక్క కాపీలోనే ఉండి జబ్బు లేని మనిషి) అని తేలితే చాలు, ఆడపిల్ల సంబంధం తప్పిపోతోంది. ఇద్దరూ క్యారియర్లైతేనే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతమని ఆ ఇళ్లలో కూర్చుని చెప్పేవాళ్లు కావాలి.

బీఎడ్ కోసం ఇంట్లో గొడవ పడకు, ఆ దరఖాస్తు కూడా పెట్టు. జామ్ మాత్రం ఫిబ్రవరిలోనే ఉంటుంది, దరఖాస్తు గడువు చాలా ముందే అయిపోతుంది, చూసుకో.