నాన్నగారి అంబాసిడర్‌ను ఇంట్లోనే బాగుచేయాలంటే డబ్బు ఎక్కడి నుంచి తేవాలి?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని, వయసు 47. మా నాన్నగారు 1983లో కొన్న మార్క్ 4 పెట్రోల్ అంబాసిడర్ పదకొండేళ్లుగా పాకలోనే ఉండిపోయింది. ఆయన పోయి నాలుగేళ్లయింది. కారు ఇంకా ఆయన పేరు మీదే ఉంది. నాకు ఒక అక్క. కారు కింది భాగమంతా తుప్పు, ఇంజన్ పట్టేసింది. రావులపాలెంలో ఒక షెడ్డు వాళ్లు మొత్తం చేసి ఇవ్వడానికి నాలుగున్నర లక్షలు అడిగారు. తెలిసిన టింకరింగ్ మేస్త్రీ సాయంతో ఇంట్లోనే చేసుకుంటే సగంలో అయిపోతుందనుకుంటున్నాను. చేతికి 78 వేలు జీతం వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 21 వేలు, ఇంటి ఖర్చు 32 వేలు, చీటీకి 10 వేలు పోతాయి. చీటీ మూడు లక్షలది, 30 నెలల్లో 14 కట్టాను. ఐదు లక్షల ఎఫ్‌డీ, ఎకరం కొబ్బరి తోట ఉన్నాయి. పాప ఇంటర్ రెండో సంవత్సరం. మా ఆవిడ బంగారం మీద మూడు లక్షలు తేవాలా, చీటీ పాడాలా, ఎఫ్‌డీ తీయాలా? బంగారానికి ఆమె ఒప్పుకోవడం లేదు. బాగుచేస్తే ఎనిమిది లక్షలకు అమ్ముడవుతుందని, పెళ్లిళ్లకు అద్దెకివ్వొచ్చని మిత్రులు అంటున్నారు. పాత ఇనుము వాళ్లు 40 వేలు ఇస్తామంటున్నారు.

జవాబు: మాస్టారూ, కారు బాగుచేయండి. కానీ బంగారం ముట్టుకోవద్దు, చీటీ పాడొద్దు, ఎఫ్‌డీ తీయొద్దు. నెలనెలా మిగిలే డబ్బుతోనే చేయండి. రెండేళ్లు పడితే పట్టనివ్వండి.

ఎందుకంటే, ఇంట్లో చేసుకుంటే కూలీ మిగులుతుందని అందరూ అంటారు. కొంత మిగులుతుంది నిజమే. నా లెక్కలో అంతకన్నా విలువైనది, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆగే వెసులుబాటు. షెడ్డులో రేకు కోసేశాక మీ దగ్గర డబ్బు అయిపోతే కారు వాళ్ల ఆవరణలో వానకు తడుస్తుంది, మీకు రోజూ టెన్షన్. మీ ఇంట్లో అయితే డబ్బున్న నెల పని జరుగుతుంది, లేని నెల టార్పాలిన్ కప్పి ఊరుకుంటారు. అప్పు తెచ్చిన రోజున ఆ వెసులుబాటు పోతుంది. కారు ఆగినా వడ్డీ ఆగదు.

బంగారం సంగతి. తొమ్మిదిన్నర శాతం వడ్డీ వేసుకున్నా మూడు లక్షలకు ఏడాదికి 28,500 రూపాయలు. ఇలాంటి అప్పులు సాధారణంగా ఏడాదిలో తీర్చాలి. ఏడాదిలో ఈ కారు రోడ్డెక్కదు, ఎక్కినా డబ్బు సంపాదించి పెట్టదు. తోట పట్టాదారు పాస్‌బుక్ పెట్టి పంట రుణంగా తీసుకుంటే వడ్డీ తక్కువ పడుతుందని మీకు ఎవరైనా చెప్పొచ్చు. మూడు లక్షల లోపు స్వల్పకాలిక పంట రుణానికి ఏడు శాతం వడ్డీ, గడువులోగా కడితే మూడు శాతం రాయితీ ఉన్న మాట వాస్తవమే. అది సాగు కోసం ఇచ్చే డబ్బు. కారు కోసం సాగని రాసి సంతకం పెట్టకండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ బంగారం మీ ఆవిడది. ఆమె వద్దన్నాక ఆ దారి గురించి మళ్లీ ఆలోచించకండి.

చీటీకి ఇంకా 16 నెలలున్నాయి. ఇప్పుడు పాడితే తగ్గింపు రూపంలో పోయే సొమ్ము మీదే. చివరిదాకా ఉంచితే పాప రెండో ఏడాది ఫీజుకు సరిగ్గా చేతికొస్తుంది. ఎఫ్‌డీలో, ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి నెలకు 53 వేల చొప్పున ఆరు నెలలకు 3,18,000 అత్యవసరానికి కదపకూడదు. మిగిలిన 1,82,000 వచ్చే జూన్‌లో కాలేజీ, హాస్టల్‌కు. అంటే ఎఫ్‌డీలో కారుకు ఒక్క రూపాయి లేదు.

మరి కారుకేది? జీతంలో ఖర్చులన్నీ పోను మీకు 15 వేలు మిగులుతున్నాయి. ఏడు వేలు పాప పేరున ఆర్‌డీలో వేయండి. ఎనిమిది వేలు కారుకు. రెండేళ్లకు 1,92,000. మీరు అనుకున్న సగం ఖర్చుకు ఇది కొంచెమే తక్కువ. ఆ లోటుకు దింపు దింపుకూ వచ్చే కొబ్బరి డబ్బులో సగం చేర్చుకోండి. కాయ రేటు అంబాజీపేట మార్కెట్లో ఎలా ఎగిరి పడుతుందో మీకు చెప్పక్కర్లేదు కాబట్టి దాన్ని లెక్కలో ముందే వేసుకోవద్దు, వచ్చాకే కలపండి. ఈ డబ్బుకు వేరే సేవింగ్స్ ఖాతా తెరవండి. అందులో లేని డబ్బుతో ఏ సామానూ కొనొద్దు.

ఎనిమిది లక్షల మాట నమ్మి ఖర్చు పెట్టకండి. అంబాసిడర్ ఉత్తరపారాలో 2014 దాకా తయారైంది. మార్క్ 4 అరుదైన బండి కాదు. వింటేజ్ హోదా కూడా ఇప్పుడే రాదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, అంటే మీకు 2033. ఆ హోదా వస్తే ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప మామూలుగా రోజూ తిప్పుకోకూడదు. ఇక పెళ్లిళ్లకు అద్దె. తెల్ల నంబరు ప్లేటు సొంత కారును కిరాయికి తిప్పడం చట్ట విరుద్ధం. ఆ సమయంలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేయవచ్చు. మీ మిత్రులు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ నష్టం వచ్చినప్పుడు కట్టాల్సింది మీరు. ఒకటి మాత్రం మీకు అనుకూలం. సొంత వాడకానికి ఉన్న కారు ఆదాయపు పన్ను చట్టంలో మూలధన ఆస్తి కాదు. ఎప్పుడైనా లాభానికి అమ్మినా క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు, నష్టం వచ్చినా చూపుకోలేరు.

కాబట్టి దీన్ని పెట్టుబడి ఖాతాలో రాయకండి. నాన్నగారి బండిలో మళ్లీ కూర్చోవాలన్న కోరికకు మీరు పెడుతున్న ఖర్చు ఇది. ఆ కోరికను నేను తక్కువగా చూడను. కుటుంబానికి ఇబ్బంది లేనంతవరకు మనిషి ఇష్టపడిన పనికి ఖర్చు పెట్టుకోవడానికే సంపాదన. ఖర్చని ఒప్పుకుంటే ఎంతలో ఆపాలో తెలుస్తుంది. పెట్టుబడి అనుకుంటే, పెట్టింది రాబట్టాలని ఇంకా ఇంకా పెడుతూ పోతాం.

మొదటి రూపాయి కాగితాలకు. కారు ఇప్పటికి మీది కాదు, నాన్నగారి వారసులది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అక్కగారి అంగీకార పత్రంతో ఫారం 31 ఇచ్చి మీ పేరున మార్పించుకోవాలి. మూడు నెలల్లో చేయాల్సిన పని నాలుగేళ్లు ఆలస్యమైంది, దానికి ఏం కట్టాలో అమలాపురం రవాణా కార్యాలయంలో అడగండి. కోనసీమ 2022 ఏప్రిల్‌లోనే జిల్లా అయింది, కాబట్టి మీ పాత చేతిరాత ఆర్‌సీ రికార్డు కాకినాడలో ఉండొచ్చు, ఆన్‌లైన్‌లో ఎక్కి ఉండకపోవచ్చు. ముందు అది తేలాలి. ఆర్‌సీ గడువు తీరాక ప్రతి నెల ఆలస్యానికి 500 రూపాయల అదనపు ఫీజు ఉంది. 20 ఏళ్లు దాటిన కార్లకు రెన్యువల్ ఫీజును 2025 ఆగస్టులో 10 వేలకు పెంచారు. పైన పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్. ఇవన్నీ కలిపి ఎంతో రాయించుకున్నాకే స్క్రూ విప్పండి. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోతున్నాయో చూసి ఫోటో తీసుకోండి. గ్రైండర్ ఆ అంకెల దగ్గరికి వెళ్లకూడదు. రంగు కూడా ఆర్‌సీలో ఉన్నదే వేయించండి, మార్చితే అదో దరఖాస్తు.

రెండో ఖర్చు పరీక్షకు. దీనికి 15 వేలు కేటాయించండి. అంబాసిడర్‌కు లారీలా విడి ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. అందుకే తుప్పు ఎక్కడుందన్నదే అసలు ప్రశ్న. మ్యాట్లు పీకి, కారును గట్టి స్టాండ్ల మీద ఎత్తి, మేస్త్రీతో కలిసి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. ఫ్లోర్ రేకు, డిక్కీ అడుగు, బ్యాటరీ కింద రేకు పోయినా భయపడక్కర్లేదు, కోసి కొత్త రేకు వెల్డ్ చేయొచ్చు. ముందు టార్షన్ బార్లు (స్ప్రింగుల్లా పనిచేసే కడ్డీలు) బిగించే క్రాస్ మెంబర్ అనే అడ్డ దూలం, వెనక కమాన్లు (స్ప్రింగు పట్టీలు) తగిలించే చోట్లు, డోర్ల కింద రెండు వైపుల సిల్ పెట్టెలు, ఇవన్నీ కలిసి గుల్లబారి ఉంటే అక్కడే ఆపేయండి. ఆ స్థితిలో ఇంట్లో చేసే పని ప్రాణానికి మంచిది కాదు, బయట చేయిస్తే మీ బడ్జెట్‌లో రాదు. 15 వేలు పోయాయని బాధపడొద్దు, మిగతా లక్షన్నరకు పైగా కాపాడిన 15 వేలవి.

పరీక్షలో నెగ్గితే డబ్బును ఈ వరుసలో వదలండి. మొదట రేకు పని, తర్వాత బ్రేకులు, పెట్రోల్ లైను, వైరింగ్, ఆ తర్వాత ఇంజన్, చివరికి పెయింటు, సీట్లు. చాలామంది పెయింటుతో మొదలుపెడతారు, అందరికీ కనిపించేది అదే కనుక. తుప్పు మీద పుట్టీ రాసి రంగేస్తే పుట్టీ తేమ పీల్చుకుని రెండు వానాకాలాలకే పొక్కుతుంది. ఆ డబ్బు మళ్లీ రాదు. తుప్పు రేకును మంచి రేకు తగిలేదాకా కోయాల్సిందే. సిల్ కోసేముందు డోరు ఖాళీలకు అడ్డంగా ఇనుప పట్టీలు వెల్డ్ చేసి నిలబెట్టమనండి, లేకపోతే బాడీ కుంగి తలుపులు పడవు. పని అయ్యాక సిల్ పెట్టెల లోపల మైనం స్ప్రే చేయిస్తే లోపలి నుంచి తుప్పు రావడం తగ్గుతుంది. మన ఉప్పుగాలికి దీని మీద పెట్టే రూపాయి బాగా గిట్టుబాటు.

కాలం కూడా డబ్బే. జూన్ నుంచి వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్లు. గీకి వదిలేసిన రేకుకు మన దగ్గర రాత్రికి రాత్రే ఎర్ర పొర పడుతుంది. ఒక రోజులో ఎపాక్సీ ప్రైమర్ (తుప్పు పట్టకుండా ముందు వేసే పూత) వేయగలిగినంతే గీకండి. రేకు పని జనవరి నుంచి మే లోపు పెట్టుకోండి. పంట కాలువలకు నీళ్లు కట్టేసే రోజులు, మీ వేసవి సెలవులు దాదాపు కలిసొస్తాయి. వానాకాలంలో లోపల కూర్చుని చేసే పనులుంటాయి. బోల్టులు, చిన్న భాగాల తుప్పు వదిలించడానికి ప్లాస్టిక్ తొట్టెలో నీళ్లు, వాషింగ్ సోడా, 12 వోల్టుల చార్జరు చాలు. వస్తువును నెగెటివ్‌కు, పనికిరాని మామూలు ఇనుప ముక్కను పాజిటివ్‌కు కలపాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ మాత్రం వాడకూడదు, విషపు క్రోమియం పుడుతుంది. గ్యాస్ కూడా వస్తుంది కాబట్టి వరండాలోనో, గాలాడే చోటో పెట్టండి.

పట్టేసిన ఇంజన్‌ను కారు లాగి స్టార్ట్ చేయించే ప్రయత్నం ఎవరినీ చేయనివ్వకండి. ప్లగ్గులు విప్పి డీజిల్ పోసి కొన్నాళ్లు నాననిచ్చి, చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. బలవంతంగా తిప్పి రింగులు విరిగితే చిన్న ఖర్చు పెద్దదవుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు పాత రబ్బరు పైపులు ఆగవు, అవి ఎలాగూ మార్చాల్సినవే. సామాన్లకు విజయవాడ ఆటోనగర్, దొరకనివాటికి కోల్‌కతాలోని మల్లిక్ బజార్ ఉన్నాయి. ఫోటో పంపి, పాత భాగం కొలత చెప్పి తెప్పించండి.

కొన్నిచోట్ల పొదుపు చేయొద్దని గట్టిగా చెబుతున్నాను. తాటాకు పాకలో, కొబ్బరి డొక్కల గుట్ట పక్కన వెల్డింగ్ వద్దు. రేకుల షెడ్డు లేకపోతే పెరట్లో ఆరుబయట చేయించండి. పెట్రోల్ ట్యాంకు విప్పి దూరంగా పెట్టాకే వెల్డింగ్. హార్డెనర్ కలిపే పెయింటు ఇంట్లో కొట్టకండి, ఆ ఆవిరి ఊపిరితిత్తులకు చేసే హాని మామూలు గుడ్డ మాస్కుతో ఆగదు. ఆ ఒక్క పనికి పెయింటు బూత్ ఉన్న షెడ్డుకు డబ్బిచ్చేయండి. బ్రేకులు కూడా అనుభవమున్న మెకానిక్‌తోనే.

రోడ్డెక్కే ముందు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. మీ 1489 సీసీ ఇంజన్‌కు 2022లో ఖరారైన రేటు 3,416 రూపాయలు, జీఎస్‌టీ అదనం. ఐదేళ్లు దాటిన బండ్ల విలువను కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకుంటారు. సమగ్ర పాలసీ తీసుకుంటే బిల్లులు, ఫోటోలు చూపి మీ ఖర్చుకు తగ్గ విలువ రాయించుకోండి. అందుకే చిన్న బోల్టు కొన్నా బిల్లు దాచండి.

ఇనుము వాళ్ల 40 వేల గురించి. అది కూడా మీరు వదులుకుంటున్న డబ్బే, కారు ఖర్చు నోటుబుక్కులో మొదటి పంక్తిగా రాసుకోండి. కానీ తొందరపడి ఇవ్వాల్సిన అవసరం లేదు. ఎప్పుడిచ్చినా రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రానికే ఇచ్చి ఆర్‌సీ రద్దు చేయించండి, లేకపోతే నాన్నగారి పేరున ఆ నంబరు ఇంకెవరి చేతుల్లోనో తిరగొచ్చు.

ఈ లెక్కంతా ముందు మీ ఆవిడకు చూపించండి. తన బంగారం, పాప ఫీజు, ఎఫ్‌డీ అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయని కాగితం మీద కనిపిస్తే ఆమె అభ్యంతరం ఏమిటో కూడా తేలుతుంది. పరీక్ష అయ్యాక మేస్త్రీ ఇచ్చిన అంచనా, కింది భాగం ఫోటోలు పంపండి. రేకు పని ఎన్ని నెలలకు పంచాలో అప్పుడు చెబుతాను.