తమ్ముడు ఎత్తులో దాటిపోయినా అక్క అక్కే

మీ పాపకు అకాండ్రోప్లేసియా (పుట్టుకతోనే చేతుల, కాళ్ళ ఎముకలు పొడుగ్గా పెరగని స్థితి) అని, రెండేళ్ళ చిన్నవాడైన తమ్ముడు ఎత్తులో దాటిపోతున్నాడని, ఇంట్లో ఏమేం మార్పులు చెయ్యాలని అడిగారు. స్విచ్‌లు కిందికి దింపించండి, వాష్‌బేసిన్ దగ్గర కదలని పీట వెయ్యండి, కుర్చీలో కూర్చుంటే పాదాలకు ఆనుకోను ఏదో ఒకటి పెట్టండి, కాళ్ళు అలా వేలాడుతూ ఉంటే కాళ్ళూ నడుమూ రెండూ లాగేస్తాయి. ఇవన్నీ తేలిగ్గా అయిపోతాయి. మనుషులతోనే కష్టం.

మా ఇంట్లోనూ ఇదే. మా పెద్దమ్మాయికి అకాండ్రోప్లేసియా, వెనక తమ్ముడు. తనకు ఎనిమిదేళ్ళప్పుడు చుట్టాలావిడ ఒకరు వచ్చి, ప్రేమగానే లెండి, ఇద్దర్నీ వీపుకు వీపు ఆనించి నిలబెట్టి "అయ్యో, తమ్ముడే అన్న అయిపోయాడే" అంది. అందరూ నవ్వారు. అక్కడితో ఆగలేదు, తను తెచ్చిన కథల పుస్తకం వాడి చేతిలో పెట్టి "అక్కకి చదివి వినిపించు నాన్నా" అంది. వాడింకా అక్షరాలు కూడబలుక్కుంటున్నాడు, రోజూ రాత్రి వాడికి కథ చదివేది మా అమ్మాయే! పిల్ల నోరెత్తలేదు, గోడకేసి చూస్తూ నిలబడింది. నాకు ఒళ్ళు మండిపోయి, ఆవిడ ఎదురుగానే పుస్తకం తీసి పిల్లకిచ్చి "మా ఇంట్లో చదివేది అక్క, వినేది తమ్ముడు" అన్నాను. ఆవిడ చిన్నబుచ్చుకుంది. రేపు మళ్ళీ ఎవరైనా అలా చేస్తే మళ్ళీ అదే అంటాను.

అందుకే చెప్తున్నా, ఇంట్లో అన్నీ వయసును బట్టే నడవాలి. తాళంచెవి ముందు అక్కకి, తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండే పని అక్కది, తప్పు చేస్తే తిట్లు కూడా ఆ వయసుకు తగ్గట్టే. పైనున్న వస్తువు తమ్ముడు అందిస్తే వాణ్ణి ఆకాశానికెత్తకండి, అక్క వాడికి లెక్కలు చెప్పినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టడం లేదు కదా. చంకనెత్తుకునే వాళ్ళని మాత్రం అస్సలు ఉపేక్షించకండి, బడికెళ్ళే పిల్లని అడక్కుండా ఎత్తుకోవడమేంటి?

ఇంకో బాధ, "మీ వైపు ఎవరికైనా ఉందా?" అనే ప్రశ్న. అకాండ్రోప్లేసియా ఉన్నవాళ్ళలో దాదాపు 80 శాతం మంది మామూలు ఎత్తున్న తల్లిదండ్రులకే పుడతారు. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే జన్యువులో కొత్తగా వచ్చే మార్పు అది, 1994లోనే తేల్చేశారు, అయినా ఇప్పటికీ తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఏం తిందో ఆరా తీస్తారు. డాక్టర్ల దగ్గర కూడా చూసుకోండి. ఒకచోట మా పాప ఎత్తుని అందరి పిల్లల చార్ట్ మీద పెట్టి, తిండి సరిగ్గా పెట్టడం లేదా అని నన్ను నిలదీశారు. అకాండ్రోప్లేసియా పిల్లలకు వేరే గ్రోత్ చార్ట్‌లు ఉన్నాయి, అవే వాడమని అడగండి. ఎత్తు పెరగడానికి ఇచ్చే, 2021లో అమెరికా, యూరప్‌లలో అనుమతి వచ్చిన వోసోరిటైడ్ ఇంజెక్షన్ గురించి మీకు చెప్పే ఉంటారు. ఎముకలు ఇంకా పెరిగే వయసులోనే, రోజూ ఇవ్వాలి. వద్దనుకున్నా కావాలనుకున్నా ఆ మాటలు పాపని బయట కూర్చోబెట్టి మాట్లాడకండి, సూది గుచ్చేది తనకే.

తమ్ముణ్ణి కూడా కాస్త పట్టించుకోండి. "మీ అక్క ఎందుకలా ఉంది?" అని బడిలో ముందు వాణ్ణే అడుగుతారు. "ఎముకలు పొడుగ్గా పెరగవు, పుట్టుకతోనే అంతే" అని చెప్పడం ఇప్పుడే నేర్పండి. ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే వెళ్ళి అక్కనే అడగమనమనండి, తనే చెప్తుంది.